అమెరికాలో పాత ఏసీ మారుస్తున్నారా? ఏ రిబేట్, ఏ సిస్టమ్ ఎవరికి నప్పుతుంది

పదిహేనేళ్లు దాటిన సెంట్రల్ ఏసీ జూలైలో ఆగిపోతే, ఇంటికొచ్చిన కాంట్రాక్టర్ సాధారణంగా మూడు కొటేషన్లు ఇస్తాడు. చవకది, మధ్యరకం, బాగా ఖరీదైనది. ఖరీదైనదాని కింద "కరెంటు కంపెనీ రిబేట్ వర్తిస్తుంది" అని రాసి ఉంటుంది. ఇల్లంతా ఉక్కపోతగా ఉన్నప్పుడు ఆ ఒక్క మాట చూసి సంతకం పెట్టేసేవాళ్లు చాలామంది. అంత తొందర మీద పడకముందే కాస్త లెక్క వేసుకుంటారని ఇది రాస్తున్నాను.

నా సలహా ముందే చెప్పేస్తాను. రిబేట్ పెద్దదని సిస్టమ్ ఎంచుకోవద్దు. మీ ఇంటికి ఏది సరిపోతుందో తేల్చుకోండి, ఆ తర్వాత దానికి వచ్చే ప్రతి డాలరూ వదలకుండా రాబట్టుకోండి. అది ఎవరో దయతలచి ఇచ్చే డబ్బు కాదు. వేసవి సాయంత్రాల్లో అందరి ఏసీలూ ఒకేసారి నడిస్తే కరెంటు డిమాండ్ కొండెక్కుతుంది. ఆ కొద్ది గంటల కోసం కొత్త ప్లాంట్లు, లైన్లు కట్టడం కంటే మీ పాత యూనిట్‌ని మార్పించడం చవక కాబట్టే కంపెనీలు రిబేట్లు ఇస్తాయి. ఆ ఖర్చు కూడా మామూలుగా వినియోగదారుల బిల్లుల్లోంచే వసూలవుతుంది. అంటే ఇన్నేళ్లుగా మీరూ ఇందులో వాటా కడుతూనే ఉన్నారు.

ఇంకో మాట. బంధువుల దగ్గరా, వాట్సాప్ గ్రూపుల్లోనూ "హీట్ పంప్ పెట్టిస్తే ట్యాక్స్‌లో 2,000 డాలర్లు వెనక్కి వస్తాయి" అన్న సలహా ఇంకా తిరుగుతోంది. హీట్ పంప్ అంటే వేసవిలో ఏసీగా, చలికాలంలో హీటర్‌గా పనిచేసే మెషీన్. ఆ 2,000 ఫెడరల్ 25సీ అనే ట్యాక్స్ క్రెడిట్. ఖర్చులో 30 శాతం, హీట్ పంప్‌కి గరిష్ఠంగా 2,000 డాలర్లు, సెంట్రల్ ఏసీకి 600 డాలర్లు వచ్చేవి. 2025 జూలైలో వచ్చిన చట్టంతో, 2025 డిసెంబర్ 31 తర్వాత అమర్చిన సిస్టమ్‌లకు అది లేకుండా పోయింది. అప్పటికే అమర్చుకున్నవాళ్లు ఫారం 5695తో క్లెయిమ్ చేసుకోవచ్చు. ఇప్పుడు కొనేవాళ్ల కొటేషన్‌లో ఆ 2,000 తగ్గించి చూపిస్తే ఆ లెక్క తప్పు.

ముందుగా తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న చలికాలానిది. మీ ఇల్లు దేనితో వెచ్చబడుతోంది? గ్యాస్ ఫర్నేసా, కరెంటు హీట్ స్ట్రిప్సా (కరెంటుతో నేరుగా వేడెక్కే కాయిల్స్), ప్రొపేనా, ఆయిలా? ఏసీ కొంటున్నప్పుడు చలికాలం గురించి ఎందుకంటారా? మీకు ఎంత మిగులుతుందన్నది ఎక్కువగా ఈ జవాబు మీదే ఆధారపడుతుంది.

రెండోది, ఆ ఇంట్లో ఎన్నేళ్లు ఉండబోతున్నారు. మూడేళ్లలో ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్లే అవకాశం ఉన్న కుటుంబమూ, పిల్లల హైస్కూల్ అయ్యేదాకా కదలని కుటుంబమూ ఒకే సిస్టమ్ కొనక్కర్లేదు. మూడోది, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది. రిబేట్ రెండు నెలల తర్వాత చెక్కు రూపంలో వచ్చేదైతే ఈలోపు పూర్తి మొత్తం మీరే కట్టాలి. నాలుగోది, ఆటిక్‌లో ఉన్న డక్ట్‌ల (గాలిని గదులకి చేర్చే గొట్టాల) పరిస్థితి. దీన్ని ఎవరూ చూడరు. దాని గురించి కింద విడిగా రాశాను.

డబ్బు ఎన్ని రకాలుగా వస్తుంది

| రిబేట్ రకం | ఎప్పుడు అందుతుంది | ప్రధాన షరతు | జాగ్రత్త |
|---|---|---|---|
| కరెంటు కంపెనీ ఎక్విప్‌మెంట్ రిబేట్ | దరఖాస్తు ఆమోదం తర్వాత, చెక్కుగా లేదా బిల్లులో జమగా | నిర్ణీత సీర్2, ఈఈఆర్2 (సామర్థ్యపు అంకెలు, ఎక్కువైతే కరెంటు తక్కువ). ఏహెచ్‌ఆర్‌ఐ సర్టిఫికెట్ (ఆ అంకెల్ని ధ్రువీకరించే సంస్థది) | గడువు దాటితే రాదు |
| ఇన్‌స్టంట్ రిబేట్ | ఇన్‌వాయిస్‌లోనే తగ్గింపు | ప్రోగ్రామ్‌లో నమోదైన కాంట్రాక్టర్ | తగ్గింపు విడి లైన్‌గా కనబడాలి |
| రాష్ట్రాల హెచ్‌ఈఏఆర్ రిబేట్ (ఫెడరల్ డబ్బు, వివరాలు ఆప్షన్ 3లో) | కొనేటప్పుడే | ఆదాయ పరిమితి; హీట్ పంప్‌కే, ఏసీకి కాదు | పని మొదలుపెట్టకముందే ఆమోదం కావాలి |
| స్మార్ట్ థర్మోస్టాట్ ప్రోగ్రామ్ | చేరినప్పుడు కొంత, కొన్నిచోట్ల ఏటా కొంత | పీక్ గంటల్లో సెట్టింగ్ కంపెనీ మార్చడానికి ఒప్పుకోవాలి | పగలు ఇంట్లో ఉండేవాళ్లకి ఇబ్బంది |
| తయారీ కంపెనీ ఆఫర్ | సీజన్‌ని బట్టి | ఫలానా మోడళ్లకే | ముందే ధర పెంచి తగ్గించి ఉండొచ్చు |

చివరి వరుసలోది కరెంటు కంపెనీకి సంబంధం లేనిది. కొటేషన్‌లో "రిబేట్" అని ఉంటే అది ఎవరు ఇస్తున్నారో పేరు రాయించుకోండి. రెండూ కలిపి ఒకే అంకెగా చూపిస్తే పోల్చడం కుదరదు.

"నా కరెంటు కంపెనీ" ఏదన్నది కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. డాలస్, హ్యూస్టన్ ప్రాంతాల్లో చాలామందికి బిల్లు పంపేది రిటైల్ ప్రొవైడర్, తీగలు వేసేది వేరే సంస్థ. ఎఫిషియెన్సీ ప్రోగ్రామ్‌లు నడిపేది ఆ తీగల సంస్థలే, అంటే ఆంకార్, సెంటర్‌పాయింట్ లాంటివి. మీరు ఏడాదికోసారి రిటైల్ ప్లాన్ మార్చుకున్నా రిబేట్ అర్హత మాత్రం తీగల సంస్థతోనే ఉంటుంది. ఆస్టిన్, శాన్ ఆంటోనియోల్లో నగరపాలక సంస్థలే కరెంటు ఇస్తాయి కాబట్టి ఈ గందరగోళం లేదు. ఫ్రిస్కో లాంటి చోట్ల ఒక కాలనీ ఆంకార్ కింద, పక్క కాలనీ కోఆపరేటివ్ కింద ఉంటాయి. పక్క వీధిలో స్నేహితుడికి వచ్చిన రిబేట్ మీకూ వస్తుందని అనుకోకండి.

మసాచుసెట్స్‌లో కథ వేరు. అక్కడ పెద్ద యుటిలిటీలు కలిసి మాస్ సేవ్ పేరుతో రిబేట్ ప్రోగ్రామ్ నడుపుతాయి, ముందు ఇంటి ఎనర్జీ అసెస్‌మెంట్ చేయించుకోమంటాయి. ఇల్లంతటికీ హీట్ పంప్ పెట్టించినవాళ్లకి 2024లో 10,000 డాలర్ల దాకా ఇచ్చారు. ఈ మొత్తాలు ఏటా మారుతుంటాయి కాబట్టి సంతకం పెట్టే వారంలో ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోండి.

ఆప్షన్ 1: కనీస ప్రమాణం ఉన్న సెంట్రల్ ఏసీ

2023 జనవరి 1 నుంచి కొత్త యూనిట్లను పాత సీర్ బదులు సీర్2తో కొలుస్తున్నారు. పరీక్షలో డక్ట్‌ల ఒత్తిడి నిజానికి దగ్గరగా పెట్టడంతో అదే మెషీన్‌కి అంకె దాదాపు 5 శాతం తక్కువ వస్తుంది. పాత 16 సీర్ అంటే ఇప్పటి 15.2 సీర్2 అన్నమాట. ఉత్తరాది రాష్ట్రాల్లో కనీసం 13.4, దక్షిణాదిలో మామూలు ఇళ్లకి పెట్టే సైజుల్లో చాలావాటికి కనీసం 14.3 ఉండాలి.

ఈ కనీస యూనిట్లకి ఎక్విప్‌మెంట్ రిబేట్ సాధారణంగా రాదు. అయినా దీన్ని చులకనగా చూడొద్దు. కింది లెక్క చూడండి. 3 టన్నుల యూనిట్, ఏడాదికి పూర్తి లోడ్ మీద 1,500 గంటలు నడుస్తుంది, ఒక యూనిట్ (కిలోవాట్ అవర్) కరెంటు 15 సెంట్లు అనుకుందాం.

| యూనిట్ | ఏటా కరెంటు | ఏటా ఖర్చు |
|---|---|---|
| పాత 10 సీర్ (దాదాపు 9.5 సీర్2) | 5,684 యూనిట్లు | 853 డాలర్లు |
| 14.3 సీర్2 | 3,776 యూనిట్లు | 566 డాలర్లు |
| 15.2 సీర్2 | 3,553 యూనిట్లు | 533 డాలర్లు |
| 17 సీర్2 | 3,176 యూనిట్లు | 476 డాలర్లు |
| 20 సీర్2 | 2,700 యూనిట్లు | 405 డాలర్లు |

పాతది తీసి కనీసపుది పెట్టినా ఏటా 287 డాలర్లు మిగులుతున్నాయి. అక్కడి నుంచి 17కి వెళ్తే ఇంకో 90, 17 నుంచి 20కి వెళ్తే ఇంకో 71 మాత్రమే. పైకి వెళ్లేకొద్దీ ఆదా తగ్గుతుంది, ధర మాత్రం పెరుగుతుంది. 20 సీర్2 యూనిట్‌కి 14.3 కంటే 4,000 డాలర్లు ఎక్కువ అడిగి, రిబేట్‌గా 800 వస్తుందన్నారనుకోండి. మిగిలిన 3,200ని ఏటా వచ్చే 161తో భాగిస్తే దాదాపు 20 ఏళ్లు. అన్నేళ్లు ఆ యూనిట్ నడుస్తుందన్న భరోసా లేదు.

మీ బిల్లులోని రేటు, మీ ఊరి వేసవి పెట్టి ఇదే లెక్క వేసుకోండి. ఫీనిక్స్‌లో గంటలు ఎక్కువ, సియాటిల్‌లో చాలా తక్కువ. కాలిఫోర్నియాలో యూనిట్ రేటు దీనికి రెట్టింపు కూడా ఉండొచ్చు, అప్పుడు ఖరీదైన యూనిట్ లెక్క పూర్తిగా మారిపోతుంది.

ఆప్షన్ 2: రిబేట్ వచ్చే మెట్టు మీదున్న ఏసీ

కరెంటు కంపెనీల రిబేట్ పట్టికలు మెట్లు మెట్లుగా ఉంటాయి. నా దృష్టిలో చాలామందికి సరైన చోటు మొదటి మెట్టే. 15.2 లేదా 16 సీర్2 దగ్గర ధర అంతగా పెరగదు, రిబేట్ ఆ తేడాలో మంచి భాగం పూడ్చేస్తుంది.

ఇక్కడ సీర్2 ఒక్కటే చూడకండి. ఈఈఆర్2 అనే ఇంకో అంకె ఉంటుంది. సీర్2 సీజన్ మొత్తం సగటు, ఈఈఆర్2 బయట 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నప్పటి సామర్థ్యం. కరెంటు కంపెనీకి కావాల్సింది ఆ మండుటెండలో తగ్గే లోడ్ కాబట్టి చాలా ప్రోగ్రామ్‌లు రెండూ అడుగుతాయి. సీర్2 ఎక్కువగా ఉండి ఈఈఆర్2 సరిపోక రిబేట్ తప్పిపోయే మోడళ్లూ ఉన్నాయి.

రెండు స్టేజీల లేదా వేరియబుల్ స్పీడ్ యూనిట్‌కి ఆదా లెక్కలో కనపడని లాభం ఒకటుంది. తక్కువ వేగంతో ఎక్కువసేపు నడుస్తుంది కాబట్టి గాల్లో తేమ బాగా లాగుతుంది. హ్యూస్టన్, టాంపా లాంటి చోట్ల ఉండేవాళ్లకి 76 డిగ్రీల్లోనూ ఒళ్లు జిగటగా ఉండే బాధ తెలుసు. దాని కోసం కొంత ఎక్కువ పెట్టడం తప్పు కాదు. అయితే ఆ డబ్బు బిల్లులో తిరిగొస్తుందని కాకుండా సౌఖ్యం కోసమని తెలిసి పెట్టండి.

ఆప్షన్ 3: హీట్ పంప్

వేసవిలో ఇది అచ్చంగా ఏసీయే. చలికాలంలో అదే మెషీన్ తిరగబడి బయటి గాల్లోని వేడిని లోపలికి తెస్తుంది. చాలాచోట్ల పెద్ద రిబేట్లు దీనికే ఉన్నాయి.

మీ ఇల్లు కరెంటు హీట్ స్ట్రిప్స్‌తో వెచ్చబడుతుంటే ఇంక ఆలోచించక్కర్లేదు, హీట్ పంప్ తీసుకోండి. స్ట్రిప్ ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడే ఇస్తుంది. హీట్ పంప్ మామూలు చలిలో అదే కరెంటుకి రెండు నుంచి మూడు రెట్లు ఇస్తుంది. ప్రొపేన్, ఆయిల్ ఇళ్లకి కూడా చాలావరకు ఇదే లాభం.

గ్యాస్ ఫర్నేస్ ఉన్నవాళ్లు మాత్రం ఆగి లెక్క చూసుకోవాలి. గ్యాస్ బిల్లులో లెక్కించే ఒక థర్మ్‌లో లక్ష బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) వేడి ఉంటుంది. 80 శాతం సామర్థ్యమున్న ఫర్నేస్ అందులో 80,000 ఇంట్లోకి ఇస్తుంది. మూడు రెట్ల సామర్థ్యంతో నడిచే హీట్ పంప్ అంత వేడి ఇవ్వడానికి దాదాపు 7.8 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది. 15 సెంట్ల చొప్పున అది 1.17 డాలర్లు. మీ గ్యాస్ బిల్లులో డెలివరీ చార్జీలతో కలిపి థర్మ్‌కి అంతకంటే తక్కువ పడుతుంటే చలికాలంలో గ్యాసే చవక. 90 శాతం ఫర్నేస్ అయితే ఆ హద్దు 1.32కి పెరుగుతుంది. రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టుకుంటే పది నిమిషాల పని ఇది.

గ్యాస్ చవకగా ఉన్నవాళ్లకి మధ్యే మార్గం డ్యూయల్ ఫ్యూయల్. ఫర్నేస్ అలాగే ఉంచి, ఏసీ స్థానంలో హీట్ పంప్ పెట్టడం. అక్టోబర్, మార్చి లాంటి కొద్దిపాటి చలికి హీట్ పంప్, గడ్డకట్టే చలికి గ్యాస్. కొన్ని ప్రోగ్రామ్‌లు దీనికి పూర్తి రిబేట్ ఇస్తాయి, కొన్ని ఫర్నేస్ తీసేయాలంటాయి. ఇది ముందే అడగండి.

హెచ్‌ఈఏఆర్ గురించి కొంచెం విడిగా చెప్పాలి. 2022 నాటి ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ డబ్బు ఇది, నడిపేది రాష్ట్రాలు. హీట్ పంప్‌కి గరిష్ఠంగా 8,000 డాలర్లు, కావాల్సివస్తే ఎలక్ట్రికల్ ప్యానెల్‌కి 4,000, వైరింగ్‌కి 2,500. మీ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు సంపాదించే కుటుంబానికి మొత్తం ఖర్చు, 80 నుంచి 150 శాతం మధ్య ఉన్నవాళ్లకి సగం, ఈ పరిమితుల్లోపు వస్తుంది. ఐటీ జీతం కాబట్టి మాకు రాదని ముందే వదిలేయకండి. ఈ పరిమితి కౌంటీని బట్టి, కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి మారుతుంది. ఒక్కరే సంపాదించే ఐదుగురి కుటుంబం ఖరీదైన కౌంటీలో ఉంటే 150 శాతం లోపు రావడం అసాధ్యమేమీ కాదు. అయితే పాత హీట్ పంప్ తీసి కొత్త హీట్ పంప్ పెడితే ఇది వర్తించదు. రాష్ట్రాలన్నీ ఒకేసారి మొదలుపెట్టలేదు, కొన్నిచోట్ల నిధులు నిండుకున్నాయి కూడా. మీ రాష్ట్ర ఎనర్జీ ఆఫీసు వెబ్‌సైట్‌లో చూసుకోవడమే దారి.

ఆప్షన్ 4: డక్ట్ లేని మినీ స్ప్లిట్

గ్యారేజీ పైన గది ఎప్పుడూ ఉడికిపోతుంటే, దాని కోసం ఇంటి మొత్తానికీ పెద్ద యూనిట్ పెట్టించకండి. ఆ ఒక్క గదికి మినీ స్ప్లిట్ (ఇండియాలోని స్ప్లిట్ ఏసీ లాంటిది) పెట్టి, ప్రధాన సిస్టమ్‌ని సరైన సైజులో ఉంచండి. డక్ట్‌లెస్ హీట్ పంప్‌లకు చాలా కంపెనీల్లో విడి రిబేట్ వరుస ఉంటుంది. గది లోపల గోడ మీద కనబడే యూనిట్ హెచ్‌ఓఏకి (కాలనీ ఇళ్ల యజమానుల సంఘానికి) సమస్య కాదు, బయట పెట్టే కంప్రెసర్‌కి మాత్రం అనుమతి అడగాల్సి రావొచ్చు.

డక్ట్‌లు, సైజు: రిబేట్ కంటే ఎక్కువ తేడా చేసేవి

మీ బయటి యూనిట్ దగ్గరికి వెళ్లి స్టిక్కర్ చూడండి. మోడల్ నంబర్ మధ్యలో సాధారణంగా 024, 030, 036, 042, 048, 060 లాంటి అంకె ఒకటి ఉంటుంది. దాన్ని 12తో భాగిస్తే టన్నులు వస్తాయి. 048 అంటే 4 టన్నులు. కాంట్రాక్టర్లు చాలామంది ఈ స్టిక్కర్ చూసి అదే సైజు రాసేస్తారు. ఈ పదిహేనేళ్లలో మీరు కిటికీలు మార్చి ఉండొచ్చు, ఆటిక్‌లో ఇన్సులేషన్ వేయించి ఉండొచ్చు. అసలు మొదటిదే పెద్ద సైజు అయి ఉండొచ్చు. మీ ఇంటికి ఎంత సైజు కావాలో తేల్చే మాన్యువల్ జే అనే లోడ్ లెక్క చేసి ఇవ్వమని అడగండి. కొన్ని ప్రోగ్రామ్‌లు రిబేట్‌కి ఆ కాగితం అడుగుతాయి కూడా. 4 టన్నుల బదులు 3.5 సరిపోతుందని తేలితే రిబేట్ లేకుండానే డబ్బు మిగులుతుంది.

ఆటిక్‌లోని డక్ట్‌లు లీకవుతుంటే 20 సీర్2 యూనిట్ చల్లబరిచిన గాలి కూడా ఆటిక్ పాలే. డక్ట్ సీలింగ్, ఇన్సులేషన్‌కి విడిగా రిబేట్లు ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. రెండు మెట్లు ఎక్కువ సీర్2 కొనడానికి దాచిన డబ్బు ముందు ఇక్కడ పెట్టండి. ఈ వ్యాసంలో నేను గట్టిగా పట్టుబట్టే మాట ఏదైనా ఉందంటే అది ఇదే.

ఎవరు ఏది తీసుకోవాలి

మూడు నాలుగేళ్లలో ఇల్లు అమ్మేసే ఆలోచన ఉంటే కనీస యూనిట్, లేదా ఇన్‌వాయిస్‌లోనే తగ్గింపు వచ్చే మొదటి మెట్టు. పదేళ్లు ఉంటాం, గ్యాస్ హీటింగ్ ఉంది, వేసవి తీవ్రం అనుకునేవాళ్లకి 15.2 నుంచి 17 సీర్2 మధ్యది, డక్ట్ సీలింగ్‌తో కలిపి. కరెంటు హీటింగ్ ఉన్న ఇల్లయితే ఎన్నేళ్లున్నా హీట్ పంపే.

అద్దెకిచ్చిన ఇల్లయితే కరెంటు బిల్లు కట్టేది అద్దెవాళ్లు, ఆదా వాళ్లది. అక్కడ రిబేట్ పోను మీకు పడే ధర, వారంటీ, ఈ రెండే చూడండి. అద్దె ఇంటికి అర్హత ఉందో లేదో కూడా అడగండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉండే ఇళ్లలో థర్మోస్టాట్ ప్రోగ్రామ్ గురించి కాస్త ఆలోచించండి. సాయంత్రం పీక్ గంటల్లో కంపెనీ కొన్ని డిగ్రీలు పెంచుతుంది. చాలావాటిలో వెనక్కి తగ్గించుకోవచ్చు, కానీ ఆ సంగతి ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకి చెప్పి ఉండాలి. 2021 జూన్‌లో హ్యూస్టన్ ప్రాంతంలో కొందరికి ఇల్లు వేడెక్కాకే తాము అలాంటి ప్రోగ్రామ్‌లో చేరి ఉన్నామని తెలిసింది. పగలంతా ఇల్లు ఖాళీగా ఉండేవాళ్లకి మాత్రం ఇది సులువుగా వచ్చే డబ్బు.

కాగితాల దగ్గర తప్పిపోకుండా

రిబేట్ తిరస్కరించడానికి కనిపించే పెద్ద కారణాల్లో ఒకటి జతలు సరిపోకపోవడం. బయటి యూనిట్, లోపలి కాయిల్ కలిపి ఒక జతగా ఏహెచ్‌ఆర్‌ఐ నంబర్ ఉంటుంది. డబ్బు ఆదా అని బయటిది మాత్రమే మార్చితే ఆ నంబర్ దొరక్కపోవచ్చు. 2025 నుంచి కొత్త సిస్టమ్‌లు ఆర్-454బీ, ఆర్-32 రిఫ్రిజిరెంట్లకి (చల్లబరిచే గ్యాస్‌లకి) మారుతున్నాయి కాబట్టి పాత ఆర్-410ఏ కాయిల్‌తో వాటిని కలపడం కుదరదు. కొటేషన్ మీదే ఏహెచ్‌ఆర్‌ఐ నంబర్ రాయించుకుని, ఆ సంస్థ ఆన్‌లైన్ డైరెక్టరీలో సీర్2, ఈఈఆర్2 మీరే సరిచూసుకోండి.

పాత యూనిట్ ఇంకా నడుస్తుండగానే మార్చితే, చెడిపోయాక మార్చినదానికంటే ఎక్కువ ఇచ్చే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. అలాంటివాటికి పాతది పని చేస్తోందన్న రుజువు కావాలి. తీసుకెళ్లకముందే దాని స్టిక్కర్ ఫొటో, అది నడుస్తున్న వీడియో తీసి పెట్టుకోండి. రిబేట్ నిధులు చాలావరకు ఏడాది లెక్కన ఉంటాయి, వేసవి చివరికి కొన్ని ఖాళీ అయిపోతాయి. ఫిబ్రవరి, మార్చిల్లో కాంట్రాక్టర్లకి తీరిక, కొత్త ఏడాది బడ్జెట్, మీకు ముగ్గురి దగ్గర కొటేషన్ అడిగే వ్యవధి, మూడూ ఉంటాయి.

సంతకం పెట్టేముందు కాంట్రాక్ట్‌లో రాతపూర్వకంగా ఉండాల్సినవి ఇవి: రిబేట్ ఇచ్చే సంస్థ పేరు, మొత్తం, దరఖాస్తు ఎవరు పెడతారు, ఎప్పటిలోగా పెడతారు, సిటీ పర్మిట్ ఎవరు తీసుకుంటారు. కాంట్రాక్టర్ పొరపాటు వల్ల రిబేట్ రాకపోతే ఆ మొత్తాన్ని ఇన్‌వాయిస్‌లో తగ్గిస్తానన్న వాక్యం కూడా చేర్చమనండి.